వృద్ధుల ఒంటిపై కారణం తెలియని కమిలిన మచ్చలు: ప్లేట్‌లెట్లు సరిగా ఉన్నా రక్తస్రావం ఎందుకు ఆగదు?

వర్షాకాలంలో సూరత్‌లో ఎవరి ఒంటిపై ఎర్రటి చుక్కలో, కమిలిన మచ్చలో కనిపించినా ఇంటిల్లిపాది నోట మొదట వచ్చే మాట డెంగీ. ఉధనా, లింబాయత్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు చేనేత, మరమగ్గాల కుటుంబాల్లోనూ అంతే. వెంటనే రక్తపరీక్ష చేయిస్తారు. నివేదికలో ప్లేట్‌లెట్ల సంఖ్య చూస్తారు. రెండు లక్షలకు పైగా ఉంటే ఊపిరి పీల్చుకుంటారు. జ్వరం వచ్చిన యువకుడి విషయంలో ఆ ఊరట సహేతుకమే. కానీ డెబ్బై ఏళ్లు దాటిన వ్యక్తికి జ్వరం లేకుండా, దెబ్బ తగలకుండా, అరచేతి వెడల్పున నల్లటి మచ్చలు ఒకటి తరువాత ఒకటిగా ఏర్పడుతున్నప్పుడు ఆ ఒక్క అంకె ఏ భరోసానూ ఇవ్వదు. ప్లేట్‌లెట్ల సంఖ్య సంపూర్ణంగా ఉండగానే రక్తం గడ్డకట్టే శక్తిని శరీరం కోల్పోయే వ్యాధులు కొన్ని ఉన్నాయి. వాటిలో ప్రధానమైనది ఆర్జిత హీమోఫీలియా, అంటే పుట్టుకతో కాక జీవితంలో మధ్యలో సంక్రమించే హీమోఫీలియా.

హీమోఫీలియా అనగానే చాలామందికి పసిపిల్లవాడు, వాచిన మోకాలు, మేనమామలకూ అదే వ్యాధి ఉన్న కుటుంబ చరిత్ర స్ఫురిస్తాయి. అది జన్యుపరమైన హీమోఫీలియా. దానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉంటుంది కనుక దాదాపుగా మగవారికే వస్తుంది. సుమారు 5,000 మంది మగశిశువుల్లో ఒకరికి హీమోఫీలియా-ఎ ఉంటుంది. ఆర్జిత హీమోఫీలియా లక్షణం వేరు. అది స్త్రీ పురుష భేదం లేకుండా వస్తుంది. కుటుంబంలో మునుపెవరికీ ఉండదు. రోగి కూడా అంతవరకు పళ్లు పీకించుకుని, శస్త్రచికిత్సలు చేయించుకుని, కాన్పులు దాటి వచ్చినవారే. ఎన్నడూ అసాధారణ రక్తస్రావం ఎరుగరు. అందుకే 'హీమోఫీలియా' అనే మాట వైద్యుల మదిలోనైనా వెంటనే మెదలదు.

శరీరమే తన కారకాన్ని అడ్డుకున్న వేళ

రక్తనాళానికి చిల్లు పడితే ముందుగా ప్లేట్‌లెట్లు అక్కడికి చేరి బిరడాలా అడ్డుపడతాయి. ఆ బిరడా తాత్కాలికం. దానిపై ఫైబ్రిన్ అనే పోగులతో వల అల్లుకుంటేనే రక్తం నిలుస్తుంది. మగ్గం ఎరిగిన వారికి ఈ పోలిక సులువుగా అందుతుంది: పోగులు తెగకుండా వరుసగా అందితేనే గుడ్డ దిగుతుంది. ఆ పోగులు తయారు కావడానికి రక్తంలోని పది పన్నెండు ప్రోటీన్లు ఒకదాని వెంట ఒకటి చైతన్యవంతం కావాలి. వాటినే గడ్డకట్టే కారకాలు అంటారు. ఎనిమిదో కారకం ఆ వరుసలో కీలకమైన మలుపు వద్ద ఉంటుంది. అది పనిచేయకపోతే బిరడా పడుతుంది గానీ వల అల్లుకోదు. రక్తం కాసేపు ఆగినట్లే ఆగి మళ్లీ ఊరుతుంది.

బయటి నుంచి వచ్చే సూక్ష్మజీవులను గుర్తించి నాశనం చేయడం రోగనిరోధక వ్యవస్థ పని. తన సొంత ప్రోటీన్లను తాకకూడదన్న సంయమనం దానికి సహజంగా ఉంటుంది. వయసు మీరినప్పుడు, లేదా మరో వ్యాధి ప్రభావంతో, ఆ సంయమనం సడలవచ్చు. అప్పుడు పుట్టే ప్రతిరక్షకాలు ఎనిమిదో కారకానికి అతుక్కుని దానిని నిర్వీర్యం చేస్తాయి. కాలేయంలో ఉత్పత్తికి లోటు లేదు. అయినా రక్తంలోకి చేరగానే అది నిరుపయోగం అవుతుంది. అందువల్ల బయటి నుంచి అదే కారకాన్ని మామూలు మోతాదులో ఎక్కించినా, రక్తమో ప్లాస్మానో ఎక్కించినా పెద్దగా ప్రయోజనం ఉండదు.

ఈ స్థితిని వైద్యలోకం 1940లోనే గుర్తించింది. రక్తం గడ్డకట్టకుండా అడ్డుకునే పదార్థం ఒకటి రోగి రక్తంలోనే తిరుగుతున్నదని లోజ్నర్, జాలిఫ్, టేలర్ అనే అమెరికన్ వైద్యులు ఆ ఏడాది ప్రకటించారు. అది ప్రతిరక్షకమని తేటతెల్లం కావడానికి మరికొంత కాలం పట్టింది.

ఎంత అరుదు?

బ్రిటన్‌లో 2001 నుంచి 2003 వరకు రెండేళ్లపాటు దేశవ్యాప్తంగా ఈ రోగులందరినీ నమోదు చేశారు. మొత్తం 172 మంది తేలారు. అంటే ఏడాదికి పది లక్షల జనాభాకు దాదాపు ఒకరిన్నర మంది. వారి మధ్యస్థ వయసు 78 ఏళ్లు. తరువాత 13 ఐరోపా దేశాల్లో 501 మంది రోగుల వివరాలు సేకరించిన నమోదు పట్టికలో కూడా మధ్యస్థ వయసు 74కు చేరువగా ఉంది. వారిలో సగానికి పైగా రోగులకు ఏ మూలకారణమూ దొరకలేదు. మిగిలినవారిలో క్యాన్సర్, కీళ్లవాతం లేదా లూపస్ వంటి ఇతర స్వయం ప్రతిరక్షక వ్యాధులు, కాన్పు ప్రధానంగా కనిపించాయి. కాన్పు అయిన కొన్ని వారాలకో, నెలలకో యువతులకు ఈ వ్యాధి రావడం ఒక్కటే 'వృద్ధుల వ్యాధి' అన్న సూత్రానికి ముఖ్యమైన మినహాయింపు.

2011 జనాభా లెక్కల ప్రకారం సూరత్ నగర జనాభా 44 లక్షల 67 వేలు. బ్రిటన్ లెక్కను యథాతథంగా వర్తింపజేస్తే ఏటా ఆరేడుగురు తేలాలి. అయితే సూరత్ వలస కార్మికుల నగరం. జనాభాలో యువకుల వాటా ఎక్కువ. కనుక ఆ అంకెను అక్షరాలా తీసుకోరాదు. ఏటా ఇద్దరు ముగ్గురే అనుకున్నా, వారు ఏ వైద్యుని గడప తొక్కుతారన్నదే అసలు ప్రశ్న. చర్మంపై మచ్చలు చూసి చర్మవైద్యుని వద్దకు, తొడ వాపు చూసి ఎముకల వైద్యుని వద్దకు, మూత్రంలో రక్తం చూసి మూత్రకోశ నిపుణుని వద్దకు వెళతారు. రక్తవ్యాధుల నిపుణుని వద్దకు నేరుగా వెళ్లేవారు దాదాపు ఉండరు.

భాష కూడా ఇక్కడ ఒక అడ్డుగోడే. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి తరతరాలుగా వచ్చిన పద్మశాలి కుటుంబాల్లో పిల్లలు గుజరాతీ, హిందీ ధారాళంగా మాట్లాడతారు. ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతున్నది. కానీ ఇంటిపట్టున ఉండే నాయనమ్మలకు, తాతలకు తమ బాధను తెలుగులోనే చెప్పుకోవడం అలవాటు. 'కమిలింది' అన్న మాటను మనవడు 'దెబ్బ తగిలింది' అని అనువదిస్తే వైద్యుడు దెబ్బకే మందు ఇస్తాడు. దెబ్బ తగలకుండానే కమిలిందన్న ఒక్క విషయం చేరకపోతే రోగనిర్ధారణ దారి తప్పినట్లే.

ఒంటిపై కనిపించే ఆనవాళ్లు

జన్యుపరమైన హీమోఫీలియాలో కీళ్లలోకి రక్తం చేరడం ప్రధాన లక్షణం. ఆర్జిత హీమోఫీలియాలో కీళ్లు తరచుగా చెక్కుచెదరవు. చర్మం కింద, కండరాల్లో రక్తం చేరుతుంది. ముంజేయి మొత్తం, లేదా వీపు, లేదా పిరుదు నుంచి మోకాలి వరకు ఊదా రంగుకు తిరుగుతుంది. రక్తపోటు చూసేందుకు చుట్టిన పట్టీ కింద, సూది గుచ్చిన చోట కూడా పెద్ద మచ్చ తేలవచ్చు. కొందరికి మలంలో, మూత్రంలో రక్తం కనిపిస్తుంది. పన్ను పీకిన చోట మూడో రోజు కూడా నెత్తురు ఊరుతూ ఉంటుంది.

అన్నిటికన్నా మోసపూరితమైనది నడుము లోపలి కండరంలో జరిగే రక్తస్రావం. బయట మచ్చ ఉండదు. గజ్జల్లో నొప్పి, కాలు చాపలేకపోవడం, తొడ ముందు భాగం తిమ్మిరెక్కడం మాత్రమే ఉంటాయి. ముసలితనపు కీళ్లనొప్పి అనుకుని నూనెతో గట్టిగా మర్దన చేయించడం, నొప్పి తగ్గేందుకు పిరుదుకు ఇంజెక్షన్ వేయించడం మన ఇళ్లలో సాధారణం. ఈ వ్యాధిలో ఆ రెండూ హానికరమే. కండరంలోకి దిగిన ప్రతి సూదీ కొత్త రక్తస్రావానికి ద్వారం తెరుస్తుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు ప్లేట్‌లెట్ల పనిని కూడా మందగింపజేస్తాయి. వాచిన చేతిలో రక్తం పేరుకుని లోపలి ఒత్తిడి పెరిగితే నరాలు, కండరాలు దెబ్బతింటాయి. 'గడ్డ కోసి రక్తం తీసేద్దాం' అన్న నిర్ణయం వ్యాధి నిర్ధారణకు ముందు జరిగితే ఆ కోత నుంచి రక్తం ఆగకపోవడమే ప్రాణాంతకం కాగలదు.

గుండెజబ్బుకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలుచబరిచే మందులు వాడే వృద్ధులు ఎందరో. మచ్చలు కనపడితే నింద మొదట ఆ మాత్రలపైనే పడుతుంది. చాలాసార్లు అది నిజం కూడా. చేతుల వెనుక భాగంలో చర్మం పలుచబడి ఏర్పడే చిన్న చిన్న ఊదా మచ్చలు వయసుతో వచ్చే నిరపాయకరమైన మార్పే. అయితే మచ్చలు అకస్మాత్తుగా మొదలై, రోజురోజుకూ పెద్దవై, హీమోగ్లోబిన్ పడిపోతున్నప్పుడు మాత్రలను నిందించి ఊరుకోవడం ప్రమాదకరం. వైద్యుని అడగకుండా ఆ మాత్రలను సొంతంగా మానేయడం కూడా అంతే ప్రమాదకరం; గుండెలో స్టెంట్ ఉన్నవారికి అది ప్రాణాపాయం తెచ్చిపెట్టవచ్చు.

పట్టించే పరీక్ష

ఈ వ్యాధి ఆచూకీ ఇచ్చే పరీక్ష అత్యాధునికమైనదేమీ కాదు. పేరు ఏపీటీటీ. శస్త్రచికిత్సకు ముందు దాదాపు ప్రతి ఆసుపత్రిలోనూ చేసేదే. నీలిరంగు మూత ఉన్న గొట్టంలో తీసిన రక్తం నుంచి ప్లాస్మాను వేరుచేసి, అది గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తారు. ఆర్జిత హీమోఫీలియాలో ఏపీటీటీ గణనీయంగా పెరుగుతుంది. దానికి జంటగా చేసే పీటీ పరీక్ష, ప్లేట్‌లెట్ల సంఖ్య మాత్రం మామూలుగా ఉంటాయి. పీటీ, ప్లేట్‌లెట్లు సరిగా ఉండి ఏపీటీటీ ఒక్కటే పెరగడం, ఎదుట రక్తస్రావం అవుతున్న వృద్ధులు ఉండడం: ఈ కలయిక కనపడితే అంతకు మించిన హెచ్చరిక అవసరం లేదు.

విషాదమేమిటంటే, ఆ అంకె నివేదికలో నమోదై కూడా చదవని అక్షరంలా మిగిలిపోతుంది. గొట్టం గీత వరకు నింపకపోయినా, హెపారిన్ కలిసిన గొట్టం నుంచి రక్తం తీసినా ఏపీటీటీ తప్పుగా పెరుగుతుంది. కాబట్టి 'నమూనా బాగా లేదు' అనుకోవడంలో పొరపాటు లేదు. అలా అనుకున్నప్పుడు తాజా నమూనాతో అదే రోజు మళ్లీ పరీక్షించకపోవడమే పొరపాటు.

రెండోసారీ పెరిగి ఉంటే తదుపరి మెట్టు మిశ్రమ పరీక్ష. రోగి ప్లాస్మాను ఆరోగ్యవంతుల ప్లాస్మాతో సమపాళ్లలో కలుపుతారు. కారకం కేవలం లోపించి ఉంటే, ఆరోగ్యవంతుల ప్లాస్మా ఆ లోటు భర్తీ చేస్తుంది; సమయం మామూలు స్థాయికి దిగుతుంది. ప్రతిరక్షకం ఉంటే అది కొత్తగా వచ్చిన కారకాన్ని కూడా నిర్వీర్యం చేస్తుంది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఎనిమిదో కారకంపై ప్రతిరక్షకాలు తీరికగా పనిచేస్తాయి. కలిపిన వెంటనే చూస్తే సమయం సరైనట్లే కనిపించవచ్చు. 37 డిగ్రీల వద్ద ఒకటి రెండు గంటలు ఉంచి మళ్లీ చూస్తేనే అసలు రంగు బయటపడుతుంది. తొందరపడిన ప్రయోగశాల ఇక్కడే బోల్తా పడుతుంది. లూపస్ యాంటీకోయాగులెంట్ అనే మరో ప్రతిరక్షకం కూడా ఏపీటీటీని పెంచుతుంది గానీ అది సాధారణంగా రక్తస్రావానికి బదులు రక్తం గడ్డలు కట్టడానికి దారితీస్తుంది. రెంటికీ చికిత్స పూర్తిగా భిన్నం కనుక వేరుచేసి తెలుసుకోవడం తప్పనిసరి.

చివరగా ఎనిమిదో కారకం ఎంత శాతం పనిచేస్తున్నదో, ప్రతిరక్షకం ఎంత ఉందో కొలుస్తారు. ప్రతిరక్షకాన్ని బెథెస్డా యూనిట్లలో లెక్కిస్తారు. రెండు గంటల్లో ఎనిమిదో కారకాన్ని సగానికి తగ్గించగలిగేంత ప్రతిరక్షకం ఒక యూనిట్. అయితే ఈ వ్యాధిలో అంకెలకూ రక్తస్రావ తీవ్రతకూ పొంతన ఉండదు. కారకం ఐదు శాతం ఉన్నవారికి ప్రాణాంతక రక్తస్రావం కావచ్చు. ఒక శాతం కన్నా తక్కువ ఉన్నవారు మచ్చలతోనే బయటపడవచ్చు.

సూరత్‌లో మజూరా గేట్ వద్ద ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా న్యూ సివిల్ ఆసుపత్రి, ఉమర్‌వాడాలో నగరపాలక సంస్థ నడిపే స్మిమేర్ ఆసుపత్రి ఉన్నాయి. హీమోఫీలియా ఫెడరేషన్ శాఖ కూడా నగరంలో పనిచేస్తున్నది. రైలుమార్గంలో దక్షిణాన ముంబయి పరేల్‌లో, కేఈఎం ఆసుపత్రి ఆవరణలో భారత వైద్య పరిశోధన మండలికి చెందిన జాతీయ ఇమ్యునోహిమటాలజీ సంస్థ ఉంది. రక్తం గడ్డకట్టే లోపాల పరీక్షకు దేశంలో పేరొందిన కేంద్రాల్లో అదొకటి. ఆ సంస్థకు చెందిన శ్రీమతి శెట్టి, కంజాక్ష ఘోష్ ప్రభృతులు ఆర్జిత హీమోఫీలియా నిర్ధారణ, కారణాలు, చికిత్సలపై 2011లో ఒక సమీక్షా వ్యాసం వెలువరించారు. అప్పట్లో ఆ సంస్థ సంచాలకులుగా ఉన్న డాక్టర్ ఘోష్ తరువాతి కాలంలో సూరత్ రక్తదాన కేంద్రం, పరిశోధన సంస్థకు వచ్చి పనిచేశారు. అంటే ఈ వ్యాధి గురించిన ఎరుక నగరానికి కొత్త కాదు. ఆ ఎరుక గల్లీలోని చిన్న క్లినిక్ వరకు, అక్కడి రక్తపరీక్ష కాగితం వరకు చేరడమే మిగిలి ఉంది.

రెండు చికిత్సలు, రెండు ప్రమాదాలు

చికిత్సలో రెండు పనులు ఏకకాలంలో సాగాలి. ఒకటి, జరుగుతున్న రక్తస్రావాన్ని ఆపడం. రెండు, ప్రతిరక్షకం పుట్టకుండా అణచడం.

మొదటిదానికి ఎనిమిదో కారకాన్ని పక్కనబెట్టి మరో దారిలో ఫైబ్రిన్ వల అల్లించే మందులు వాడతారు. చైతన్యీకరించిన ఏడో కారకం, చైతన్యీకరించిన ప్రోథ్రాంబిన్ కాంప్లెక్స్ వాటిలో ముఖ్యమైనవి. పందుల ఎనిమిదో కారకాన్ని పోలిన కృత్రిమ ఔషధానికి అమెరికాలో 2014లో అనుమతి లభించింది; మనిషి కారకంపై పుట్టిన ప్రతిరక్షకం దానిని అంతగా గుర్తుపట్టదు. ఐరోపా నమోదు పట్టికలో దారి మళ్లించే మందులు వాడినవారిలో 93 శాతం మందికి రక్తస్రావం అదుపులోకి వచ్చింది. మామూలు ఎనిమిదో కారకం, డెస్మోప్రెసిన్ వంటివి వాడినవారిలో అది 68 శాతమే.

ఖర్చు మాత్రం గుండెలు అదిరేలా ఉంటుంది. ఏడో కారకాన్ని కిలో శరీర బరువుకు 90 మైక్రోగ్రాముల చొప్పున రెండు మూడు గంటలకొకసారి ఇవ్వాలి. 60 కిలోల మనిషికి ఒక్కో మోతాదు 5.4 మిల్లీగ్రాములు, రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు మోతాదులు. ఒక్కరోజు చికిత్సే లక్షల రూపాయలకు చేరుతుంది. 70 ఏళ్లు దాటిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా ఐదు లక్షల రూపాయల వరకు ఆయుష్మాన్ భారత్ వర్తింపు 2024 అక్టోబరులో మొదలైంది. మరమగ్గాల కార్మికుని కుటుంబానికి అది పెద్ద అండే. అయితే ఈ మందుల బిల్లు ముందు ఐదు లక్షలు ఎన్నాళ్లు నిలుస్తాయో పై లెక్కే చెబుతుంది. అందుకే ఆసుపత్రిలో చేరిన రోజే సామాజిక సేవా విభాగంతో, హీమోఫీలియా చికిత్స కేంద్రంతో మాట్లాడడం మేలు. కేవలం చర్మంపై మచ్చలే ఉండి, హీమోగ్లోబిన్ నిలకడగా ఉన్నవారికి ఈ ఖరీదైన మందులు అవసరం రాకపోవచ్చు. వారిని జాగ్రత్తగా గమనిస్తూ ఉంటే చాలు. ఈ మందుల వల్ల వృద్ధుల్లో గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా ఉంటుంది కనుక అనవసరంగా వాడరాదు.

రెండో పనికి ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ ప్రధాన ఆయుధం. ఒంటరిగానో, సైక్లోఫాస్ఫమైడ్ లేదా రిటుక్సిమాబ్‌తో కలిపో ఇస్తారు. ఐరోపా పట్టికలో స్టెరాయిడ్ మాత్రమే వాడినవారిలో 48 శాతం మందికి, సైక్లోఫాస్ఫమైడ్ జోడించినవారిలో 70 శాతం మందికి వ్యాధి నిలకడగా ఉపశమించింది. చాలామందికి ఇందుకు కొన్ని వారాలు పడుతుంది.

ఇక్కడే రెండో ప్రమాదం పొంచి ఉంది. జర్మనీ, ఆస్ట్రియా వైద్యులు 102 మంది రోగులను అనుసరించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో రక్తస్రావంతో మరణించినవారు 3 శాతం కాగా, రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతున్నప్పుడు సోకిన ఇన్‌ఫెక్షన్లతో మరణించినవారు 16 శాతం. రక్తం ఆగింది కదా అని కుటుంబం తేలికపడిన తరువాతే అసలు గండం వస్తున్నదన్నమాట. మన దేశంలో ఈ హెచ్చరికకు బరువు మరింత ఎక్కువ. వృద్ధుల్లో మధుమేహం విస్తృతం. స్టెరాయిడ్‌తో చక్కెర అదుపు తప్పుతుంది. ఎప్పుడో సోకి నిద్రాణంగా ఉన్న క్షయ తిరగబెట్టవచ్చు. రిటుక్సిమాబ్‌కు ముందు హెపటైటిస్-బి పరీక్ష తప్పనిసరి. ఇంటికి వచ్చిన తరువాత జ్వరం వస్తే, దగ్గు వస్తే మందుల దుకాణంలో మాత్ర కొని సరిపెట్టుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఎమిసిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఈ చిక్కుముడిని కొంత సడలిస్తున్నది. చర్మం కింద ఇచ్చే ఈ మందు ఎనిమిదో కారకం చేసే పనిని తాను చేస్తుంది. ప్రతిరక్షకం దానిని తాకలేదు. రక్తస్రావం ముప్పు అలా తగ్గితే స్టెరాయిడ్లను కొన్నాళ్లు వాయిదా వేయవచ్చునన్న ఆలోచనతో జర్మనీ, ఆస్ట్రియాల్లో 47 మందిపై జరిపిన అధ్యయనం 2023లో వెలువడింది. ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. జపాన్ ఆర్జిత హీమోఫీలియాకు ఈ మందును అనుమతించింది. భారతదేశంలో జన్యుపరమైన హీమోఫీలియాకు ఇది ఇప్పటికే వాడుకలో ఉంది. దీనిని తీసుకుంటున్నవారిలో ఏపీటీటీ మామూలుగా కనిపిస్తుంది కనుక ఆ పరీక్షను చూసి వ్యాధి నయమైందని భావించరాదు.

దగ్గరి చుట్టాలు

ఏపీటీటీ మామూలుగా ఉన్నంత మాత్రాన అన్వేషణ ముగియదు. ప్లేట్‌లెట్లపైనే ప్రతిరక్షకాలు దాడి చేసే ఐటీపీ వ్యాధి వృద్ధుల్లోనూ తరచుగా వస్తుంది. అందులో ప్లేట్‌లెట్ల సంఖ్య బాగా పడిపోతుంది. వాన్ విల్లిబ్రాండ్ కారకం తగ్గిపోయే ఆర్జిత స్థితి కొన్ని రక్తవ్యాధుల్లో ప్రతిరక్షకాల వల్ల, గుండె బృహద్ధమని కవాటం కుంచించుకుపోయిన వృద్ధుల్లో ప్రవాహపు ఒరిపిడి వల్ల ఏర్పడుతుంది. అలాంటివారికి పేగుల నుంచి రక్తం పోవడాన్ని 1958లో గుర్తించిన హైడ్ అనే వైద్యుని పేరుతోనే ఆ స్థితిని పిలుస్తారు. పదమూడో కారకంపై ప్రతిరక్షకాలు పుడితే మరీ చిక్కు. ఏపీటీటీ, పీటీ, ప్లేట్‌లెట్లు మూడూ మామూలుగానే ఉంటాయి, రక్తస్రావం మాత్రం ఆగదు. ప్రత్యేకంగా ఆ కారకాన్ని కొలిస్తేనే తెలుస్తుంది. జపాన్ వైద్యులు దీనిపై ఎక్కువగా శ్రద్ధ పెట్టారు. అక్కడి ప్రభుత్వం దీనిని దుస్సాధ్య వ్యాధుల జాబితాలో చేర్చింది.

ఉపశమించిన తరువాత కూడా ఐదారుగురిలో ఒకరికి వ్యాధి తిరగబెట్టవచ్చు. అందువల్ల మొదటి ఆరు నెలలు నెలకోసారి, ఏడాది నిండేవరకు రెండు మూడు నెలలకోసారి, ఆపై ఆరు నెలలకోసారి ఏపీటీటీ, ఎనిమిదో కారకం పరీక్షించాలని 2020 నాటి అంతర్జాతీయ సిఫార్సులు చెబుతున్నాయి. సూరత్ తెలుగు పెద్దల్లో పండుగలకో, పెళ్లిళ్లకో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్ దిగి నెలల తరబడి సొంతూరిలో ఉండిపోయేవారు ఎక్కువ. ఈ వ్యాధి వచ్చి తగ్గినవారు అలా బయలుదేరేటప్పుడు వ్యాధి పేరు, చివరి పరీక్ష తేదీ, వాడుతున్న మందులు, కండరానికి ఇంజెక్షన్ వేయరాదన్న సూచన రాసిన వైద్యుని కాగితాన్ని ఆధార్ కార్డుతోపాటు వెంట ఉంచుకోవాలి. తదుపరి పరీక్ష గడువు ఊరిలో ఉండగానే వస్తే హన్మకొండలోనో హైదరాబాద్‌లోనో చేయించి, ఆ నివేదికను సూరత్ వైద్యునికి ఫోన్‌లో పంపవచ్చు.